మాటలొచ్చే దాకా ఆగక్కర్లేదు

మూడేళ్లు దాటినా బిడ్డకు మాటలు రాలేదంటే మన ఇళ్లలో అందరూ ముందు ధైర్యమే చెబుతారు. "వాళ్ల మేనమామకీ ఐదేళ్ల దాకా రాలేదు." "మగపిల్లాడు కదా, కాస్త ఆలస్యమవుతుంది." కొన్నాళ్లకు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. చిలక కొట్టిన జామపండు వెతికి తెచ్చి తినిపిస్తారు. నాలుక కింద తీగ అడ్డుపడుతోందేమోనని కోయించేవాళ్లూ ఉన్నారు. మొక్కుల సంగతి సరేసరి. ఈలోగా ఏడాదో ఏడాదిన్నరో గడిచిపోతుంది. వస వల్ల మాటలొస్తాయనడానికి ఆధారమేమీ లేదు. నాలుక తీగ పొట్టిగా ఉంటే ఒకటి రెండు అక్షరాలు తడబడతాయేమోగానీ, పిలిస్తే తిరిగి చూడకపోవడానికీ దానికీ సంబంధం లేదు.

మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఏడాదిన్నర పిల్లలు ఆకాశంలో విమానం కనిపిస్తే వేలెత్తి చూపిస్తారు, ఆ వెంటనే అమ్మ ముఖంలోకి చూస్తారు, నువ్వూ చూశావా అన్నట్టు. ఒకే వస్తువు మీద ఇద్దరి ధ్యాసా నిలవడం, ఆ సంగతి ఇద్దరికీ తెలియడం మాటకు పునాది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి గట్టిపడనిది ఈ పునాదే. పెరుగు కావాలంటే బాబు అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. ఆ చేతిని తీసి తలుపు మీద పెడతాడు. అమ్మ ముఖం వైపు మాత్రం చూడడు. ఇంకొందరు పిల్లలు ఏడాది నాటికి అమ్మ, అత్త, తాత అంటారు, రెండేళ్లు నిండేలోపు ఆ మాటలు కాస్తా మానేస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందిలో ఇలా వచ్చిన నైపుణ్యాలు వెనక్కి పోవడం కనిపిస్తుంది.

అనుమానం వచ్చిన రోజే చేయించాల్సింది వినికిడి పరీక్ష. పక్క గదిలో టీవీ ప్రకటన వినిపించగానే పరుగెత్తుకొచ్చే పిల్లాడు పేరు పెట్టి పిలిస్తే పలకడు కాబట్టి, చెవుడు కాదని తల్లిదండ్రులే తేల్చేస్తుంటారు. అయినా చేయించాలి. బెరా అనే పరీక్షలో బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న చిన్న శబ్దాలు వినిపించి, అవి మెదడు దాకా చేరుతున్నాయో లేదో తలకు అంటించిన ఎలక్ట్రోడ్ల ద్వారా చూస్తారు. బిడ్డ జవాబు చెప్పాల్సిన పని లేదు. పదహారు నెలల నుంచి ముప్పై నెలల మధ్య పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల జాబితా ఉంది. అవునో కాదో తల్లి చెబితే చాలు, తర్వాత నిపుణుల దగ్గరికి పంపాలా వద్దా అన్నది తేలుతుంది.

మాట రాని పిల్లలు ఆటిజం చరిత్రలో మొదటి నుంచీ ఉన్నారు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన పత్రంతోనే ఈ పేరు వైద్యంలో స్థిరపడింది. వాళ్లలో ముగ్గురు మాట్లాడనే లేదు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు పాశ్చాత్య మనోవైద్యం నింద తల్లుల మీద మోపింది. మంచుగడ్డలాంటి తల్లి వల్లే బిడ్డ ఇలా అయిందన్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త ఇది నాడీ వ్యవస్థకు సంబంధించిన విషయమని పుస్తకం రాసి ఆ వాదాన్ని దెబ్బకొట్టాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. ఇప్పుడు ఐదు దేశాల జనాభా రికార్డులు చూసి, ఆటిజం వచ్చే అవకాశంలో 80 శాతం దాకా జన్యువులదేనని అంచనా వేశారు. టీకాల మీద అనుమానం రేపిన 1998 నాటి లాన్సెట్ పత్రాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. మన దగ్గర మాత్రం నింద ఇంకా తల్లి చుట్టూనే తిరుగుతోంది. ఉద్యోగానికి వెళ్లినందుకట, ఫోన్ చేతికిచ్చినందుకట. ఫోన్ చూస్తే ఆటిజం వస్తుందని తేలలేదు. కాకపోతే బిడ్డ తెర ముందు గడిపిన ప్రతి గంటా మనుషులతో గడపని గంటే, తగ్గించమనేది అందుకు.

ఇక అందరూ డాక్టర్‌ను అడిగే ప్రశ్న: "మాటలొస్తాయా?"

కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆటిజం ఉన్న పిల్లల్లో పాతిక నుంచి ముప్పై శాతం మంది బడి వయసు దాటినా అతి కొద్ది మాటలతోనో, అసలు మాటలు లేకుండానో ఉంటారు. "ఐదేళ్లు దాటితే ఇక రావు" అన్న మాట కూడా తప్పే. 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, నాలుగేళ్లప్పుడు భాష బాగా వెనకబడిన 535 మంది ఎనిమిదేళ్లు, ఆపైన ఎలా ఉన్నారో చూసింది. 70 శాతం మందికి చిన్న చిన్న పదబంధాలైనా వచ్చాయి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడుతున్నారు. మాటలతో పనిలేని తెలివితేటలు, మనుషుల మీద ఆసక్తి ఎక్కువగా ఉన్న పిల్లలు ముందుకెళ్లారు. వాళ్లంతా నాలుగేళ్లప్పుడు పూర్తిగా మౌనంగా ఉన్న పిల్లలు కారన్నది కూడా మరిచిపోకూడదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మనం వాయిదా వేసేది ఇంకోటుంది. నోటి మాట ఎప్పటికో వస్తుంది, రాకనూ పోవచ్చు. ఆకలి, నొప్పి, భయం, "వద్దు" మాత్రం ఇవాళే ఉన్నాయి. వాటిని చెప్పుకునే దారి ఇవాళే ఇవ్వాలి. బొమ్మల కార్డులు, సైగలు, మాట్లాడే ట్యాబ్‌లు అందుకే పుట్టాయి. వీటి పేరెత్తగానే చాలామంది నాన్నలు వెనక్కి తగ్గుతారు. "కార్డు అలవాటైతే ఇక నోరు తెరవడేమో" అని. భయం సహజమేగానీ ఆధారాలు ఎదురు చెబుతున్నాయి. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ జల్లెడపట్టి, గట్టి రుజువున్న 27 మంది వివరాలు తీశారు. కార్డులో పరికరాలో వాడినందువల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో కొద్దో గొప్పో పెరిగింది. 2014లో కోనీ కాసరి బృందం ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య 61 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, శిక్షణకు తోడు మాట్లాడే పరికరం కూడా ఉన్న పిల్లలే తమంతట తాము ఎక్కువగా మాట కలిపారు.

కార్డు ఎలా నేర్పుతారో దగ్గర నుంచి చూస్తే అందులోని కిటుకు తెలుస్తుంది. 1985లో డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పద్ధతి ఇది, పెక్స్ అంటారు. నాలుగేళ్ల బాబుకు చేగోడీలంటే ప్రాణం అనుకుందాం. ఫోన్‌లో చేగోడీ ఫొటో తీసి, ప్రింటేయించి, లామినేషన్ చేయించి బల్ల మీద పెడతారు. ఎదురుగా అమ్మ, చేతిలో చేగోడీ. బాబు వెనకాల నాన్న. బాబు చేగోడీ కోసం చెయ్యి చాచగానే, నాన్న వెనక నుంచి ఆ చేతిని నెమ్మదిగా కార్డు మీదికి మళ్లించి, కార్డు తీయించి, అమ్మ అరచేతిలో పెట్టిస్తాడు. కార్డు చేతిలో పడీ పడగానే అమ్మ "చేగోడీ!" అని, ఒక్క ముక్క ఇస్తుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ "ఏం కావాలి?", "చెప్పు నాన్నా" అని ఎవరూ అనకూడదు. ముందు మనం అడిగితే, అడిగే దాకా ఆగడం నేర్చుకుంటాడు. తనంతట తాను వచ్చి ఇంకో మనిషిని కదిలించడం నేర్పాలి కదా. ముక్క ముక్క ఇవ్వడం కూడా అందుకే, మళ్లీ అడగాల్సి వస్తుంది. నాన్న సాయం మెల్లగా తగ్గుతుంది. తర్వాత అమ్మ నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది, ఆపైన వంటింట్లోకి వెళ్తుంది. కార్డు పట్టుకుని అమ్మను వెతుక్కుంటూ పోవడం వచ్చాకే చేగోడీ కార్డు పక్కన ఇంకో కార్డు పెట్టి, ఏది కావాలో ఎంచుకోవడం నేర్పుతారు.

మన సెంటర్లలో చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. "ఇదేంటి? యాపిల్. ఇదేంటి? గ్జైలోఫోన్." పేర్లు అప్పజెప్పించే కార్డులు అవి, సాయంత్రం కాగానే బీరువాలోకి పోతాయి. బిడ్డ పొద్దున లేచి అడగాలనుకునేది గ్జైలోఫోన్ కాదు గదా! మొదటి కార్డుల్లో ఇంటి మంచినీళ్ల చెంబు, బాత్రూమ్ తలుపు, నాన్న బండి, వీధి గేటు ఉండాలి. "ఇంకా", "అయిపోయింది", "నొప్పి", "వద్దు" తప్పకుండా ఉండాలి. వద్దు అని చెప్పగలిగే బిడ్డకు కొరకాల్సిన అవసరం తగ్గుతుంది. కొంత అలవాటయ్యాక ఫోన్లో, ట్యాబ్‌లో యాప్‌లకు మారొచ్చు. చెన్నైలో తయారైన అవాజ్ ఉంది, ఐఐటీ బాంబే నుంచి వచ్చిన జెల్లో ఉంది. రెండూ మన భాషలను దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఆ ట్యాబ్‌లో కార్టూన్లు మాత్రం పెట్టకండి, మాటకు ఒకటి, ఆటకు ఇంకొకటి. మనం కూడా "నీళ్లు తాగుదామా" అంటూ ఆ బొమ్మను నొక్కుతూ మాట్లాడాలి. మనం వాడని భాష బిడ్డ వాడదు. అడిగాక పది లెక్కపెట్టేంతసేపు నోరు కట్టుకుని ఆగడం అన్నిటికన్నా కష్టం, మన ఇళ్లలో మరీను.

భాష గురించే ఇంకో మాట. "ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే అయోమయపడతాడు" అని హైదరాబాద్‌లోనూ చెబుతున్నారు, డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్లకూ చెబుతున్నారు. ఒక భాషలో పెరుగుతున్న, రెండు భాషల్లో పెరుగుతున్న ఆటిజం పిల్లల్ని పోల్చిన అధ్యయనాలు, 2012లో కెనడా నుంచి వచ్చినదాంతో సహా, రెండో భాష వల్ల నష్టం చూపలేదు. నష్టమల్లా ఇంకోచోట జరుగుతుంది. నాయనమ్మకు ఇంగ్లిష్ రాదు, ఆవిడ బిడ్డతో మాట్లాడటమే మానేస్తుంది. తల్లి తనకు అంతంతమాత్రంగా వచ్చిన భాషలో "కమ్, సిట్, ఈట్" దగ్గర ఆగిపోతుంది. లాలిపాట పోతుంది, ముద్దుపేర్లు పోతాయి. తెలుగు ఇంట్లో తెలుగే మాట్లాడండి.

మాట లేని బిడ్డ చేష్టల్లో చాలాభాగం కబురే. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు తరగతిలో కొట్టడం, గిల్లడం చేసే పిల్లల్ని గమనించి, కొందరు పని కష్టమైనప్పుడు, ఇంకొందరు టీచర్ పట్టించుకోనప్పుడు అలా చేస్తున్నారని కనిపెట్టారు. సాయం అడగడం, ధ్యాస అడగడం నేర్పగానే ఆ చేష్టలు బాగా తగ్గాయి. నేర్పింది అసలు కారణానికి సరిపడకపోతే తగ్గలేదు. అందుకే "మొండి" అనే ముందు, సరిగ్గా అంతకు ముందు ఏం జరిగిందో, వెంటనే తర్వాత ఏం దొరికిందో వారం పాటు నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం, చెంప మీద గుద్దుకోవడం మొదలైతే నోట్‌బుక్ దాకా కూడా ఆగొద్దు. పిప్పి పన్ను, చెవి పోటు, మలబద్ధకం, కడుపులో మంట ముందు చూపించండి. నొప్పని చెప్పలేని బిడ్డకు నిద్రమాత్ర రాసిచ్చి పంపడం అన్యాయం. చూపు ఒకేచోట నిలిచిపోయి క్షణాలపాటు ఉలుకూ పలుకూ లేకపోతే ఫిట్స్ అనుమానించాలి, ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతావారికన్నా ఎక్కువ.

సాయం ఎక్కడ దొరుకుతుంది? జిల్లాలో ఎవరైనా సరే "హైదరాబాద్ తీసుకెళ్లండి" అంటారు. నాన్న ఊళ్లో, తల్లీబిడ్డలు నగరంలో అద్దె గదిలో, గంటకు వందల్లో ఫీజు. అప్పులు చేసి మరీ వెళ్తున్నారు. ఆ గంట ఎలా గడుస్తుందో చూస్తే బాధేస్తుంది. తలుపు వేసేస్తారు, తల్లి బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది, చివర్లో "బాగా చేశాడు మేడమ్" అని బిడ్డను అప్పగిస్తారు. మిగతా ఇరవై మూడు గంటలు తల్లి దగ్గరే కదా. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన పాస్ అనే ప్రయోగం గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగింది. రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు 65 మంది పిల్లలు. పని చేసింది డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని ఇద్దరూ కలిసి చూసి, బిడ్డ ఏ క్షణంలో ఏం చెప్పబోయాడో, తల్లి ఎక్కడ తొందరపడిందో మాట్లాడుకునేవాళ్లు. పన్నెండు సిట్టింగులు. పిల్లల్లో ఆటిజం పోలేదు. బిడ్డ చూపు ఎటుంటే తల్లి అటు మాట కలపడం బాగా పెరిగింది, బిడ్డ తనంతట తాను తల్లిని కదిలించడమూ పెరిగింది. మన ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ నేర్చుకుని చేయగలిగిన పని ఇది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇంకా అటు వైపు గట్టిగా చూడలేదనే నా ఫిర్యాదు.

ఉన్నవాటిని ముందు వాడుకుందాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తాయి, ఎదుగుదల లోపాలున్న పిల్లల్ని జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. అక్కడ సేవలు ఉచితం. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత సెంటర్లు నడుస్తున్నాయి. వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్పీలు ఉంటారు, కదల్లేని పిల్లల ఇంటికే వెళ్లి చెప్పే ఏర్పాటూ ఉంది. ఎక్కడుందో మండల విద్యాధికారి ఆఫీసులో అడిగితే చెబుతారు. అన్ని సెంటర్లూ ఒకేలా లేవు, నిజమే. ఆటిజం గురించి బాగా తెలిసిన టీచరు ఒకచోట, ఫిజియోథెరపీ తప్ప ఇంకేమీ లేనిది ఇంకోచోట. కానీ దగ్గర్లో ఉన్న ఓపికైన టీచరు, ఏడాదికి ఒకటి రెండుసార్లు పెద్ద సంస్థలో సలహా, ఇంట్లో రోజూ సాధన అన్న కలయిక చాలా కుటుంబాలకు అందుబాటులోని మార్గం. ఆ పెద్ద సంస్థ సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఉండనే ఉంది. 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు పేరు నీపిడ్. దాని కిందే నెల్లూరులో ప్రాంతీయ కేంద్రమైన సీఆర్‌సీ నడుస్తోంది. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడే ఇసా అనే 40 అంశాల కొలమానం తయారైంది కూడా సికింద్రాబాద్‌లోనే.

ప్రైవేటు సెంటరైతే అడగడానికి మొహమాటపడొద్దు. స్పీచ్ థెరపిస్టుకైనా స్పెషల్ ఎడ్యుకేటర్‌కైనా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడగండి. గదిలో నన్ను కూర్చోనిస్తారా, మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారు, అది కాగితం మీద రాసిస్తారా, ఇంట్లో నేను ఏం చేయాలి అని అడగండి. కూర్చోనివ్వం అంటే, కారణం సరిగ్గా చెప్పలేకపోతే, ఇంకో సెంటర్ చూసుకోవడం మేలు.

"ఆరు నెలల్లో మాట్లాడిస్తాం" అనేవాళ్ల గుమ్మం తొక్కకండి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో లక్షలు గుంజుతున్నారు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదిత చికిత్స కాదు. ఒంట్లో లోహాలు కడిగేస్తామనే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఇంకోటి చూడ్డానికి అద్భుతంలా ఉంటుంది. మాట రాని బిడ్డ చెయ్యి పట్టుకుని పెద్దవాళ్లు అక్షరాల పలక మీద వేలు నడిపిస్తే కవిత్వం వస్తుంది. 1990ల్లో దీన్ని పరీక్షించారు. బిడ్డకు ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవారికి ఇంకో బొమ్మ చూపించారు. పలక మీద వచ్చింది పెద్దవాళ్లు చూసిన బొమ్మ పేరే. వాళ్లు మోసగాళ్లు కారు, తామే రాస్తున్నామని వాళ్లకే తెలియలేదు. పలకను గాల్లో పట్టుకునే ఇంకో పద్ధతినీ కలిపి అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో రెండూ వద్దని చెప్పింది. కార్డు, ట్యాబ్ వీటికి భిన్నం. అక్కడ చెయ్యి బిడ్డది, ఎంపికా బిడ్డదే.

కాగితాల పని విసుగేగానీ తప్పదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, పింఛను (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016), ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులూ అందులోకి వస్తాయి. సర్టిఫికెట్ తీసుకుంటే పెళ్లి సంబంధాలకు అడ్డమని అమ్మాయి విషయంలో వెనకాడే తాతయ్యలు ఉన్నారు. ఆ కాగితం లేకపోతే ఇప్పుడు పోయేది చదువు.

చివరగా ఇరుగుపొరుగుకు ఒక మాట. 2012లో వచ్చిన అమెరికా సర్వేలో ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా చెప్పకుండా బయటికి వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తల్లిదండ్రులు చెప్పారు. అలా వెళ్లిన పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి. మన ఊళ్లలో బావులు, చెరువులు, కాలవలు ఎక్కడ చూసినా ఉన్నాయి. మాట రాని బిడ్డ పేరు అడిగితే చెప్పలేడు, పిలిస్తే పలకడు. అమ్మానాన్నలు బిడ్డ చేతికి ఫోన్ నంబర్ ఉన్న కడియమో పట్టీయో తొడగాలి, వీలైతే ఈత నేర్పించాలి. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే ఇప్పుడే ఆ ఇంటికి వెళ్లి పరిచయం చేసుకోండి, వాళ్ల నంబర్ మీ ఫోన్లో పెట్టుకోండి. ఒంటరిగా కనిపిస్తే కేకలేయకుండా పక్కన నడుస్తూ వాళ్లకు ఫోన్ చేయండి. బిడ్డ కనిపించడం లేదని తెలిస్తే ముందు చెరువు వైపు పరుగెత్తండి.